దారికున్న హక్కు

సమస్త స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు కురియుగాక!



ఈ వారం మన ఖుత్బా విషయం దారి. ఇంటి గుమ్మం నుండి మస్జిద్ గుమ్మం దాకా మనం నడిచి వచ్చిన దారి. చక్కగా వుజూ చేసుకుని మస్జిద్‌కు బయలుదేరిన వ్యక్తి వేసే ప్రతి అడుగుకూ ఒక అంతస్తు పెరుగుతుందని, ఒక పాపం రాలిపోతుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త వినిపించారు. అంటే నమాజు మొదలు కాకముందే నడక ఆరాధనలో భాగమైపోయింది. దివ్య ఖుర్‌ఆన్‌లో ఫుర్‌ఖాన్ సూరా కరుణామయుని దాసుల లక్షణాలను వర్ణిస్తూ అన్నిటికంటే ముందు వారి నడకను ప్రస్తావించింది. వారు భూమిపై వినమ్రంగా నడుస్తారని చెప్పింది. నడకకు ఇంతటి గౌరవమిచ్చిన ధర్మం, నడిచేవాని దారిని గాలికి వదిలివేస్తుందా? వదలలేదు. ఆ చరిత్రను ఈ రోజు కొంత గుర్తు చేసుకుందాం.

ముందుగా మన ఊరి సంగతి చూద్దాం. మన వాకాడు మహానగరమేమీ కాదు. స్వర్ణముఖి ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న మండల కేంద్రం. జాతీయ రహదారి మనకు పడమరగా నాయుడుపేట, గూడూరుల మీదుగా పోతుంది. అయినా మన బజారులో నడవడం ఏమంత సులువుగా లేదు. రోడ్డు అంచున డ్రైను కాలువ, దానిపైన దుకాణం మెట్లు, మెట్ల ముందు సరుకు పెట్టెలు, వాటి ముందు స్టాండు వేసిన మోటారు సైకిళ్ళు. అన్నిటికీ చోటు దొరికాక నడిచేవాడికి మిగిలేది బస్సూ, ట్రాక్టరూ, ఆటో పోయే చోటే.

ఇందులో ఇతరులను వేలెత్తి చూపే ముందు మన వంతు కూడా చెప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం అజాన్ వినిపించాక మన మస్జిద్ ముందు నిలిచే బండ్ల వరుసను గుర్తు చేసుకోండి. ఆలస్యమైందన్న తొందరలో ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ బండి ఆపి లోపలికి పరుగెత్తుతాము. అదే సమయంలో అన్నం తినడానికి ఇంటికి పోయే బడిపిల్లలు, మందుల చీటీ పట్టుకున్న ముసలమ్మ, చంకలో బిడ్డతో తల్లి మన బండ్లను చుట్టుకుని రోడ్డు నడుమకు దిగవలసి వస్తుంది. మనం లోపల సజ్దాలో ఉంటాము. బయట మన మూలంగా ఒక ప్రాణం బస్సు ముందు నడుస్తూ ఉంటుంది.

సోదరులారా! ఈ దృశ్యాన్ని దైవప్రవక్త (సఅసం) బోధనల పక్కన పెట్టి చూడండి. ఈమాన్‌కు డెబ్బైకి పైగా శాఖలున్నాయని, వాటిలో అత్యున్నతమైనది అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడన్న సాక్ష్యమని, చిట్టచివరిది దారిలో నుండి హాని కలిగించే వస్తువును తొలగించడమని ఆయన తెలిపారు. చిట్టచివరిది అన్నంత మాత్రాన అది చిన్నదని కాదు. ముల్లూ, రాయీ కూడా విశ్వాసం పరిధిలోకి వచ్చాయన్నది మనం గ్రహించవలసిన విషయం. ఒక వ్యక్తి నడుస్తూ ఉండగా దారిలో ముళ్ళకొమ్మ కనిపించిందనీ, దానిని అతడు పక్కకు తీసివేశాడనీ, అల్లాహ్ ఆ పనిని మెచ్చి అతణ్ణి క్షమించాడనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని మరో హదీసు తెలుపుతుంది. కొమ్మను తీసినవానికి క్షమాపణ లభించినప్పుడు, అదే దారిలో అడ్డు పెట్టినవాని సంగతేమిటో మనమే ఆలోచించుకోవాలి.

దారికి హక్కులున్నాయని కూడా ఆయన చెప్పారు. దారుల పక్కన కూర్చోవద్దని వారించినప్పుడు, కూర్చుని మాట్లాడుకోవడానికి తమకు వేరే చోటు లేదని సహచరులు విన్నవించుకున్నారు. అయితే దారికి దాని హక్కు చెల్లించమన్నారు. ఆ హక్కేమిటని అడిగితే చూపు దించుకోవడం, ఎవరికీ హాని కలగకుండా చూడడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించడం, చెడును వారించడం అని వివరించారు. సలాము విషయంలోనూ ఒక క్రమం నేర్పారు. వాహనంపై ఉన్నవాడు నడిచేవానికి ముందుగా సలాము చెయ్యాలి. ఎత్తున ఉన్నవాడు నేలపై ఉన్నవాని ఎదుట తగ్గాలన్నది ఇందులోని మర్యాద. నేడు వాహనంపై ఉన్న మనం నడిచేవానికి హారన్‌తో పలకరింపు ఇస్తున్నాము.

ఇరుగుపొరుగు వారికి దారి వెడల్పు గురించి వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని ఆయన తీర్పునిచ్చారు. మన లెక్కలో అది 3 మీటర్ల పైచిలుకు. బరువు మోసే ఒంటె పోవడానికి, దాని పక్కన మనిషి నడవడానికి చాలినంత చోటు. ఇంకొక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక యుద్ధయాత్రలో జనం విడిది స్థలాలను ఇరుకు చేసి, రాకపోకల దారిని అడ్డుకున్నారు. దైవప్రవక్త (సఅసం) ఒక ప్రకటనకర్తను పంపి, విడిదిని ఇరుకు చేసినవానికి, దారిని అడ్డుకున్నవానికి జిహాద్ పుణ్యం లేదని చాటించారు. ప్రాణాలకు తెగించి బయలుదేరిన వారికే ఆ హెచ్చరిక వర్తించింది. ఇక దారికి అడ్డంగా బండి ఆపి జుమాకు వచ్చిన మనం ఆ మాటను తేలికగా తీసుకోగలమా?

ఆ బోధనలు ఖలీఫాల కాలంలో పట్టణాల రూపం దాల్చాయి. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో, 17వ హిజ్రీ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 638లో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఇరాక్‌లో కూఫా నగరాన్ని నెలకొల్పారు. నగర నిర్మాణానికి ఖలీఫా ఇచ్చిన కొలతలను చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. ప్రధాన వీధులు 40 మూరలు, తరువాతి వీధులు 30, వాటి మధ్య వీధులు 20, సందులు 7 మూరలు ఉండాలి. అంతకంటే ఇరుకైన దారి ఉండరాదు. అంటే అతి చిన్న సందు కూడా ప్రవక్త (సఅసం) చెప్పిన ఏడు మూరల కంటే తగ్గలేదు. గుడారాల నుండి అప్పుడే ఇళ్ళలోకి మారుతున్న సమాజం, దారిని ఇళ్ళ మధ్య మిగిలిపోయిన ఖాళీగా భావించలేదు. ముందుగానే కొలిచి కేటాయించవలసిన ఉమ్మడి ఆస్తిగా భావించింది.

కేటాయించిన దారిని కాపాడడానికి తరువాతి శతాబ్దాలలో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవారు. తూనికలు, కొలతలు, బజారు, వీధులు ఆయన పర్యవేక్షణలో ఉండేవి. బాగ్దాదుకు చెందిన న్యాయవేత్త మావర్దీ (మరణం క్రీ.శ. 1058) పరిపాలనా సూత్రాలపై రాసిన గ్రంథంలో ముహ్తసిబ్ బాధ్యతలను వివరించారు. జనం నడిచే దారిలో ఎవరైనా కట్టడం కడితే, దారి విశాలంగా ఉన్నప్పటికీ దానిని ఆపాలి, కట్టినదానిని కూల్చివేయించాలి అన్నారు. అక్కడితో ఆగలేదు. ఆ కట్టడం మస్జిద్ అయినా సరే కూల్చాలన్నారు. దారులున్నది నడవడానికే గాని కట్టడానికి కాదన్నది ఆయన చెప్పిన కారణం. సోదరులారా! ఈ మాటను అన్నది మస్జిద్‌కు శత్రువు కాదు. ఇస్లామీయ పాలన ఎలా ఉండాలో బోధించిన పండితుడు. అల్లాహ్ గృహం పేరు చెప్పి కూడా అల్లాహ్ దాసుల దారిని తీసుకోరాదని ఆయన గ్రహించారు.

12వ శతాబ్దంలో సిరియా ప్రాంతానికి చెందిన షైజరీ ముహ్తసిబ్‌ల కోసం ఒక కరదీపిక రాశారు. బజారు నేలకు రాళ్ళు పరచకపోతే, దానికి రెండు వైపులా ఎత్తైన కాలిబాట ఉండాలనీ, వానాకాలంలో జనం దానిపై నడవాలనీ అందులో ఉంది. దుకాణదారుడు తన అరుగును స్తంభాల వరుస దాటి దారిలోకి జరపరాదని కూడా ఉంది. నేడు మనం ఫుట్‌పాత్ అని పిలిచేది మనకు కొత్తది కాదు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా మన గ్రంథాలలో ఉన్నదే. మనమే దానిని మరచిపోయాము.

మన దేశపు మదర్సాలలో తరతరాలుగా బోధిస్తున్న హిదాయా గ్రంథంలో, దారిలో మనిషి కల్పించే అడ్డంకుల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మర్గీనానీ (మరణం క్రీ.శ. 1197) ఆ అధ్యాయంలో, ప్రజామార్గంలోకి ఎవరైనా చూరుగొట్టం గాని, అరుగు గాని పొడిగిస్తే దానిని తొలగించమని కోరే హక్కు సామాన్యులలో ప్రతి ఒక్కరికీ ఉందని రాశారు. అది కూలి ఎవరైనా మరణిస్తే రక్తపరిహారం బాధ్యత అడ్డంకి పెట్టినవాని పక్షంపై పడుతుందని కూడా రాశారు. ‘నేను ఎవరినీ చంపాలనుకోలేదు’ అన్న సమాధానం అక్కడ చెల్లలేదు. దారిలో ఏదైనా పెట్టినవాడు దాని పర్యవసానానికి కూడా బాధ్యుడే.

ఈ చరిత్ర ఇరాక్, సిరియాలకే చెందినదని అనుకోవద్దు. మన తీరం కూడా నడిచేవాళ్ళ తీరమే. మన మండలంలోని దుగరాజపట్నంలో 17వ శతాబ్దం తొలి భాగంలోనే ఆంగ్లేయులు ఆర్మగాన్ పేరుతో వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1639లో మద్రాసు స్థలం సంపాదించాక ఇక్కడి నుండి అక్కడికి తరలిపోయారు. మనకు తూర్పున ఉన్న బకింగ్‌హామ్ కాలువ 19వ శతాబ్దం ఆరంభంలో మద్రాసు దగ్గర మొదలై క్రమంగా ఉత్తరానికి పొడిగించబడింది. 1876-78 నాటి మహాకరవులో ఆకలితో ఉన్న కూలీల చేత కొంత భాగం తవ్వించారు. పెదగంజాం నుండి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగిన ఆ కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవలపై పోయేవి. గాలి వాలు లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవారు. ఆ గట్టు పడవ లాగేవానిదీ, పక్క ఊరికి పోయే బాటసారిదీ కూడా. సరుకు నీటిపై పోయింది, మనిషి గట్టుపై నడిచాడు. ఒకరి దారి మరొకరికి ప్రాణాపాయం కాలేదు.

మోటారు వాహనం వచ్చాక ఈ పొందిక చెదిరింది. 1896 ఆగస్టు 17న లండన్‌లో ఒక మహిళ కారు తగిలి మరణించింది. పెట్రోలు కారు వల్ల బ్రిటన్‌లో ప్రాణం పోగొట్టుకున్న తొలి పాదచారి ఆమె. విచారణ జరిపిన అధికారి ఇటువంటిది మళ్ళీ జరగకూడదని ఆశించాడు. ఆ ఆశ నెరవేరలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే సగటున రోజుకు 90 మంది దాకా నడుస్తూ బయలుదేరి ఇంటికి తిరిగి రాలేదు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళిని చంపినట్టని, ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడినట్టని చదువుకునే మనకు ఈ అంకె కేవలం అంకె కాకూడదు.

దీనిని విధి అని సరిపెట్టుకోవచ్చా? విధిని నమ్మడం ఈమాన్‌లో భాగమే. కాని ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (సఅసం) బోధన. ఒంటెను కట్టిన జాతులు ఫలితం చూశాయి. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్లపై 3,000 మందికి పైగా మరణించారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పిల్లల చావులను ఆపమని నిలదీశారు. డెల్ఫ్ట్ అనే పట్టణంలో ఇళ్ళ మధ్య వీధులను మలుపులతో, చెట్లతో మార్చి, వాహనాలు మనిషి నడక వేగంతో మాత్రమే పోయేట్టు చేశారు. ఆ పద్ధతి దేశమంతటా వ్యాపించింది. తరువాతి దశాబ్దాలలో మరణాలు ఎన్నో రెట్లు తగ్గాయి. వీధి మారింది, వేగం తగ్గింది, పిల్లలు బతికారు. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020లో స్టాక్‌హోమ్‌లో సమావేశమైన దేశాల మంత్రులు ప్రకటించారు. వేగం పెరిగే కొద్దీ బండి ఆగడానికి పట్టే దూరం, దెబ్బ తీవ్రత దానికి మించిన పాళ్ళలో పెరుగుతాయి. 30లో దెబ్బ తగిలినవాడు చాలావరకు బతుకుతాడు, 60లో తగిలినవానికి ప్రాణాపాయం చాలా ఎక్కువ.

మన దేశపు చట్టం కూడా నడిచేవాని పక్షానే ఉంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఆక్రమణలు లేని కాలిబాటపై నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దారులూ, ప్రజాభవనాలూ వారికి అందుబాటులో ఉండాలని శాసించింది. భారత రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాలు కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల నిరాటంకమైన వెడల్పును సూచించాయి. చక్రాల కుర్చీలు రెండు ఎదురైనా పోగలిగే వెడల్పది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి అంతర్గత ప్రజామార్గాలు గ్రామ పంచాయతీ అధీనంలో ఉంటాయి. కాబట్టి అడగవలసిన చోటు ఎక్కడో రాజధానిలో లేదు, మన ఊరిలోనే ఉంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. రోడ్డు పక్కన తోపుడు బండిపై పండ్లు, చేపలు అమ్ముకునే పేదవాని గతి ఏమిటి? దారి పేరుతో అతని పొట్ట కొట్టడం ధర్మమేనా? కాదు. దారి పక్కన కూర్చుని అమ్ముకోవడాన్ని మన ఫిఖ్హ్ పండితులు నిషేధించలేదు. నడిచేవారికి ఇరుకు కలగరాదన్న షరతు మాత్రం పెట్టారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కూడా వారికి ఒక నిర్ణీత స్థలం చూపమంటుంది. వారిలో చాలామంది మనవారే. ముందుగా పక్కకు జరగవలసింది తోపుడు బండి కాదు. మెట్లు పొడిగించిన పక్కా దుకాణం, అడ్డంగా ఆపిన మన మోటారు సైకిల్, రోడ్డుపై నెలల తరబడి పోసి ఉంచిన ఇసుక, కంకర కుప్ప జరగాలి. బలవంతుణ్ణి వదిలి బలహీనుణ్ణి కదిలిస్తే అది దారిని కాపాడడం కాదు, మరో అన్యాయం.

కాబట్టి సోదరులారా! మనం మన గుమ్మం నుండే మొదలు పెడదాం. నడిచి రాగలిగినవాడు జుమాకు నడిచే రావాలి. ప్రతి అడుగుకూ పుణ్యముందని ముందే విన్నాము. బండి తప్పనివాడు పది నిమిషాలు ముందుగా బయలుదేరి, దారికి అడ్డం లేని చోట దానిని ఆపాలి. మస్జిద్ కమిటీ పెద్దలు అందుకు ఒక స్థలం ఏర్పాటు చేసి, శుక్రవారం ఇద్దరు యువకులను అక్కడ నిలబెట్టాలి. మస్జిద్ మెట్ల పక్కన వాలుబాట కట్టాలి, ఎందుకంటే చక్రాల కుర్చీలో ఉన్న సోదరునికి కూడా మొదటి వరుసలో హక్కుంది. మన ఇళ్ళ, దుకాణాల మెట్లు, రేకులు రోడ్డు మీదికి ఎంత వచ్చాయో ఒక తాడు తీసుకుని మనమే కొలుచుకోవాలి. పంచాయతీ నోటీసు వచ్చేదాకా ఆగకుండా వెనక్కి తీసుకోవాలి. ఆ తరువాత మన హిందూ, క్రైస్తవ సోదరులతో కలిసి బజారులో కాలిబాట, బడి ముందు వేగనిరోధకం, వీధిదీపాలు కావాలని పంచాయతీకి అర్జీ పెట్టాలి. దారి అందరిదీ, అర్జీ కూడా అందరిదీ కావాలి. కాలిబాట లేని చోట ఎదురుగా వచ్చే వాహనం కనిపించేట్టు రోడ్డుకు కుడి వైపున నడవాలని, ఫజ్ర్‌కూ, ఇషాకూ వచ్చేటప్పుడు చేతిలో లైటు ఉంచుకోవాలని పిల్లలకూ, పెద్దలకూ చెప్పాలి.

ఇరాక్‌లో ఒక కంచరగాడిద కాలు జారి పడినా, దాని కోసం దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనను అడుగుతాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని చెబుతారు. ఆయన మదీనాలో ఉన్నారు, ఆ దారి వందల కోసుల దూరంలో ఉంది. మన దారి మన మస్జిద్ గుమ్మం ముందే ఉంది. నమాజు ముగించి బయటికి అడుగు పెట్టగానే దానిని ఒకసారి చూడండి. ఎవరు, ఎక్కడ, ఎందువల్ల రోడ్డు నడుమకు దిగుతున్నారో చూడండి. వారికి అడ్డంగా ఉన్నది మనదైతే, ఈ రోజే తొలగిద్దాం.

ఓ అల్లాహ్! మా దారులను మా మూలంగా ఎవరికీ ఇరుకు కానివ్వకు. నడిచే పిల్లలను, వృద్ధులను, తల్లులను, చూపు లేనివారిని, నడవలేనివారిని నీ రక్షణలో ఉంచు. రోడ్లపై ప్రాణాలు కోల్పోయినవారిని క్షమించు, వారి కుటుంబాలకు ఓర్పును ప్రసాదించు. హాని తొలగించేవారిలో మమ్మల్ని చేర్చు, హాని పెట్టేవారిలో చేర్చకు. ఆమీన్.